పాదం కింది కొర్రమట్ట

కళ్ళు మూసుకోమన్నాడు డాక్టరు. హనుమకొండలో షుగర్ దవాఖాన అది, నేను బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఆయన చేతిలో పెన్నంత పిడి, దాని కొసన బెత్తెడు కూడా లేని నైలాన్ దారం. దాన్ని పాదం మీద అక్కడక్కడా తాకిస్తాననీ, తెలిసినప్పుడల్లా 'ఊ' అనమనీ చెప్పాడు. షుగర్ వచ్చి పద్నాలుగేళ్ళయింది. ఈ మధ్య చెప్పు జారిపోయినా నాలుగడుగులు నడిచాక గాని తెలియడం లేదు. బుద్ధిగా కళ్ళు మూసుకున్నాను. కాసేపాగి 'ఊ' అన్నాను. ఇంకాసేపాగి మళ్ళీ 'ఊ' అన్నాను. "నేనింకా మొదలే పెట్టలేదు మేడమ్," అన్నాడు డాక్టరు. తోడు వచ్చిన మా తమ్ముడు కుర్చీలోంచి కిందపడేటట్టు నవ్వాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి, కాపీ కొట్టినవాళ్ళను నిలబెట్టినదాన్ని, అరవై దగ్గర పడ్డాక నేనే దొరికిపోయాను.

తర్వాత ఆయన నిజంగానే మొదలుపెట్టాడు. నాకేమీ తెలియలేదు. తెలియడం లేదన్న సంగతి కూడా ఆయన 'అయిపోయింది, కళ్ళు తెరవండి' అన్నాకే తెలిసింది. భయం వేసింది, దాచుకోవడం దేనికి. కానీ ఆ భయం కంటే ముందు ఇంకొకటి తట్టింది. కాలికి తాకినదాన్ని అందరికంటే ముందు చెప్పెయ్యాలన్న తొందర నాకు కొత్త కాదు. పదేళ్ళ వయసులో ఒకసారి ఇలాగే తొందరపడి చెప్పేశాను. అప్పుడు మాత్రం కాలి కింద నిజంగానే ఒకటి ఉంది.

మా ఊరు తొర్రూరుకు పోయే దారిలో ఉంటుంది. నేత వాడలో పన్నెండిళ్ళు, ప్రతి ఇంటికీ ముందు గదిలోనే మగ్గం. మాది గుంట మగ్గం. నేలలో లోతుగా గుంట తవ్వి, దాని అంచు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి, అడుగునున్న తొక్కుడు కర్రలు తొక్కుతూ నేస్తారు. నాన్నను మేం బాపు అనేవాళ్ళం, ఆయన తల్లిని బాపమ్మ. పొద్దున్నే మమ్మల్ని నిద్రలేపేది బాపు కాళ్ళ కింది కర్రల చప్పుడే. ఆ గదికి ఒక వాసన ఉండేది. గంజి పట్టిన నూలు, గుంటలోని చల్లటి మట్టి, అమ్మ కండెలు చుట్టే రాట్నానికి బాపమ్మ రాసే ఆముదం, అన్నీ కలిసిన వాసన. ఇప్పటికీ ఏ ఇంట్లోనైనా గంజి మాడితే నాకు ఒక్క క్షణం ఆ గది కనబడుతుంది. ఇంట్లో అందరి పనులూ ఆ చప్పుడుకే నడిచేవి. చప్పుడు ఆగితే దారం తెగిందని అర్థం, మరీ ఎక్కువసేపు ఆగితే బాపు చుట్ట కాలుస్తున్నాడని అర్థం. దారం తెగిన సంగతి బాపు కంటికంటే కాలికే ముందు తెలిసేదట. 'కర్ర అల్కగయితది' అనేవాడు, తేలికవుతుందని. నేను పరీక్షించాలని ఒకసారి వెనక నుంచి పడుగులో ఒక పోగు తుంచాను. బాపు తిరిగి చూడకుండానే నా చెవి పట్టుకున్నాడు.

ఎండ ఎరగని కాళ్ళవి. రోజంతా గుంట నీడలో ఉండి మెత్తగా, తెల్లగా, ఒక్క పగులు లేకుండా ఉండేవి. రచ్చబండ దగ్గర రైతులు వాటిని చూసి నవ్వేవాళ్ళు. మా ఇంటి వెనకాల పొలం ఐలయ్య కాకది. ఆయన మడమల్లో పెసరగింజలు పడితే బయటికి రావని బాపమ్మ అనేది. ఆయనే అందరికంటే ఎక్కువ ఏడిపించేవాడు. "నీయి పెండ్లిపిల్ల కాళ్ళురా. పారాణి పెట్టుకుంటె సరిపోతది," అనేవాడు. బాపు చుట్ట వెలిగించుకునేవాడు. ఏడాదికి ఒకసారి ఆ కాళ్ళకు రోజు వస్తుందని ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు మిరుగం దాటాక వచ్చేది. మృగశిర కార్తెను మా వైపు మిరుగం అంటారు. ఎండలు పోయి వానలు మొదలయ్యే ఆ రోజుల్లో చేప తినని ఇల్లుండదు. మొదటి పెద్ద వాన పడగానే ఊరి పైనున్న పొలాల నీళ్ళన్నీ కలిసి ఒర్రెలోకి దూకేవి. ఒర్రె అంటే వాగుకు చిన్నది, కాలువకు పెద్దది. మిగతా కాలమంతా అందులో ఇసుకా, మేకలూ తప్ప ఏమీ ఉండవు. ఆ వారం రోజులు మాత్రం ఎర్రటి నీళ్ళు మోకాళ్ళు దాటి పారి చెరువులో కలిసేవి. కొత్త నీళ్ళ వాసన తగలగానే చెరువులోని చేపలు గుడ్లు పెట్టడానికి ఒర్రెకు ఎదురెక్కేవి. చెరువులో చేప బెస్తవాళ్ళది, దానిమీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. చెరువు దాటి ఒర్రెలోకి ఎక్కిన చేప మాత్రం ఎవరు పట్టుకుంటే వాళ్ళది. ఇది ఎక్కడా రాసి లేదు గాని, దీనిమీద మా ఊళ్ళో ఒక్క తగాదా కూడా జరగలేదు.

రైతులు ఊతలతో వచ్చేవాళ్ళు. ఊత అంటే అడుగు లేని వెదురు బుట్ట, నీళ్ళలో గభాలున గుచ్చి, పైనుంచి చెయ్యి పెట్టి లోపల చిక్కినదాన్ని తీస్తారు. ఆడవాళ్ళు పాత చీర ఇద్దరు చెరోవైపు పట్టుకుని పరకలు, అంటే వేలెడంత చేపలు, తోడేవాళ్ళు. మా బాపు ఉత్త చేతులతో వచ్చేవాడు. ధోవతి పైకి చెక్కి, గట్టు పక్కన నీళ్ళు కొంచెం నెమ్మదించే చోట దిగి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడేవాడు. అంతే. గంట గడిచినా కదిలేవాడు కాదు. బురద నీళ్ళలో కంటికి ఏమీ కనబడదు. చేపలకు కూడా ఆ వేగంలో ఎక్కీ ఎక్కీ అలుపు వస్తుంది. ఏ వేరో, మొద్దో కనబడితే దాని చాటున ఆగుతాయి. బాపు కాళ్ళు వాటికి మొద్దులు. పరకలైతే తవుడు చల్లినట్టు తగిలిపోతాయనీ, జెల్ల అయితే ముందు మీసం తాకుతుందనీ, పాము అయితే ఎంతకీ అయిపోదనీ బాపు చెప్పేవాడు. కొర్రమట్ట, అదే కొర్రమీను, ఒక్కటే వచ్చి పాదం పక్కన బరువుగా పడుకుంటుంది. దాన్ని అరికాలితో మెల్లగా బురదకు అదిమి, వంగి, మొప్ప కింద బొటనవేలు దూర్చి తీసేవాడు. ఊతలతో పొద్దంతా గుచ్చినవాళ్ళకు పరకలు దొరికితే, బాపుకు మోచేయంత కొర్రమట్ట దొరికేది. ఐలయ్య కాక గట్టు మీద కూర్చుని తన మడమలు చూసుకునేవాడు. నాకు అదొక పండగ.

నేను చెప్పేది మా తమ్ముడు పుట్టిన ఏడాది సంగతి. అమ్మకు కాన్పు కష్టమై వరంగల్ దవాఖానలో పది రోజులు ఉండి వచ్చింది. తమ్ముడికి నాలుగో నెల వచ్చినా ఆమె గోడ పట్టుకునే లేచేది. పాలు చాలక వాడు గుక్క పట్టేవాడు. ఇల్లంతా బాలింత స్నానానికి కాచే వాయిలాకు నీళ్ళ వాసన, సాంబ్రాణి పొగ. మగ్గం చప్పుడు మాత్రం లేదు. నేతగాళ్ళ సంఘం నుంచి నూలు రావడం ఆగిపోయి అప్పటికి నెలలైంది. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అన్నారు. జనం మిల్లు బట్టకు మరిగారని, ఇక రాదని కొందరన్నారు. మా మగ్గం గుంటలో పిల్లి ఈనింది. బాపు రోజూ పొద్దున్నే అలవాటు కొద్దీ వచ్చి మగ్గం దగ్గర కూర్చుని, పిల్లి పిల్లలను చూసి, లేచిపోయేవాడు.

అప్పుడు వచ్చాడు నరహరి మామ. అమ్మకు సొంత తమ్ముడు, బొంబాయి పక్కన భివండిలో కరెంటు మగ్గాల మీద పని. ప్యాంటు, చేతి గడియారం, నల్ల గొడుగు. బాపును తీసుకుపోవడానికే వచ్చాడు. మంచివాడు, అక్కంటే ప్రాణం. ఆయన మీద కోపం పెట్టుకోవాలని ఎన్నోసార్లు ప్రయత్నించాను గాని కుదరలేదు. "బావా, ఈడ కూసుంటె ఏమొస్తది? ఆడ మనోళ్ళు గల్లీలకు గల్లీలున్నరు. నువ్వు వస్తె ఎల్లుండే పనిల పెట్టిస్త," అన్నాడు. బాపు సరేనన్నాడు, కాదనడానికి ఏముంది. కానీ ఒక మాట అన్నాడు. "ఈ మిరుగానికి మీ అక్కకు ఒర్రె చేప తినిపిచ్చి వస్త. జర ఒంట్లె బలమయితది. పిలగానికి పాలు పడుతయి."

మామకు అది సబబుగానే అనిపించింది. బాలింతకు కొర్రమట్ట పులుసు మంచిదని ఊరంతా అనేదే. అమ్మకు చేప కావాలన్నది అందరి మాట. అమ్మకు ఏం కావాలో మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు.

మిరుగం వచ్చింది గాని వాన రాలేదు. ఆకాశం ముఖం చూస్తూ వారం గడిచింది. మామ రోజూ గడియారం చూసుకునేవాడు, రోజులు లెక్కపెట్టడానికి గడియారం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు తొర్రూరు అంగడికి పోయి ఎండు చేపలు తెచ్చాడు. "బావా, చేప వచ్చింది. పోదామా?" అన్నాడు. బాపు ఆ పొట్లం విప్పి వాసన చూసి, "ఎండింది చేపెట్లయితది బామ్మర్ది? మిరుగానికి పారే నీళ్ళది ఉండాలె," అన్నాడు. అట్లాంటి నియమం అంతకుముందు ఎవరూ విని ఎరగరు. బాపమ్మ మాత్రం రోట్లో వెల్లుల్లి దంచుతూ, "అవునవును, పారే నీళ్ళదే ఉండాలె," అంది. ఎండు చేపలు ఆ రాత్రి అందరం తిన్నాం, బాపు రెండుసార్లు వేయించుకున్నాడు.

ఆఖరికి వాన పడింది. పడటం కాదు, మధ్యాహ్నం మొదలై మర్నాటి పొద్దుటిదాకా కుమ్మరించింది. తెల్లారేసరికి ఒర్రె ఉరుముతోంది. ఊరు ఊరంతా పరిగెత్తింది. బాపు కూడా పోయాడు, సాయంత్రం ఉత్త చేతులతో వచ్చాడు. "నీళ్ళు మస్తు ఉరుకుతానయి. కాలు నిలుస్తలేదు," అన్నాడు. రెండో రోజు, "ఉత్త బురద. ఏం తెలుస్తలేదు," అన్నాడు. ఐలయ్య కాక మా వాకిట్లోకి వచ్చి, దోసెడు పరకలు బాపమ్మ కొంగులో పోసి, "వానికి దిష్టి తగిలినట్టున్నది పెద్దమ్మా. పక్కపొంటి నిలబడి సూసిన, ఒక్కటి తియ్యలే," అన్నాడు. మామ ఆ పరకల వైపు ఆశగా చూశాడు. "కొర్రమట్ట గాదు," అన్నాడు బాపు. అమ్మ రెండు రోజులూ పులుసు కంచుడు కడిగి పొయ్యి పక్కన పెట్టింది. రెండు రోజులూ బాపు వచ్చాక దాన్ని తీసి బోర్లించింది. ఎందుకు దొరకలేదని ఒక్కసారి కూడా అడగలేదు. నాకైతే అవమానంగా ఉంది. బళ్ళో ఐలయ్య కాక కొడుకు, 'మీ బాపు కాళ్ళు పోయినయట' అన్నాడు.

మూడో రోజు నేనూ వస్తానని ఏడ్చాను. ప్రతి ఏడూ ఏడ్చేదాన్ని, ప్రతి ఏడూ బాపు వద్దనేవాడు. ఆ రోజు ఏమనుకున్నాడో, "నడువ్ బిడ్డా," అన్నాడు. మామ కూడా గొడుగు తీసుకుని బయల్దేరాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, గట్టు మీద రాయి చూసుకుని కూర్చున్నాడు. వాన వెలిసి తెల్లటి ఎండ కాస్తోంది. నీళ్ళ వేగం తగ్గింది, చేపలు పట్టడానికి అంతకంటే మంచి రోజు ఉండదు.

బాపు నన్ను పక్కన నిలబెట్టుకుని తన ధోవతి కొస నా చేతికిచ్చాడు. నీళ్ళు నా తొడల దాకా వచ్చాయి. "కదలకు. యేళ్ళు జర ఎడంగ పెట్టు. నువ్వు దేని కోసం ఎతకొద్దు, అదే నీ కాడికొస్తది," అన్నాడు. నిలబడ్డాం. చుట్టూ ఊతలు ధబ్ ధబ్ మంటున్నాయి. ఆడవాళ్ళ నవ్వులు, పిల్లల అరుపులు. మొదట నాకు చలి తప్ప ఏమీ తెలియలేదు. తర్వాత ఇసుక కాలి కింద నుంచి జారడం తెలిసింది. తర్వాత గడ్డిపోచలు, పరకలు. నిజంగానే తవుడు చల్లినట్టు తగిలాయి. నాకు ఒళ్ళు పులకరించింది. బళ్ళో చదువు కాకుండా నేను నేర్చుకున్న మొదటి విద్య అది.

చాలాసేపటికి వచ్చింది. ముందు బురద కంటే మెత్తగా, నీళ్ళకంటే చల్లగా ఏదో నా కుడి పాదం మీదికి వాలింది. బరువుగా ఉంది. నేను ఊపిరి బిగబట్టాను. అది మెల్లగా పాదం దిగి, వేళ్ళ కిందికి దూరి, అక్కడ పడుకుంది. నా కాలి కింద ఉన్నది తోక వైపు. మిగతా అంతా బాపు ఎడమ పాదం కింద ఉండాలి, మా పాదాలు అంత దగ్గరగా ఉన్నాయి. బాపు ఇప్పుడు వంగుతాడు, ఇప్పుడు వంగుతాడు అని చూశాను. వంగలేదు. ఎదురుగా ఉన్న తుమ్మ చెట్టు వైపు చూస్తున్నాడు. నీళ్ళ కింద ఆయన కాలు కొంచెం లేచింది, మగ్గంలో కర్రను వదిలినట్టు. చేప కదిలింది. పోతోంది.

బాపుకు తెలియలేదనుకున్నాను. నిజంగానే కాళ్ళు పోయాయనుకున్నాను. ఆయన పరువు నేను కాపాడాలనుకున్నాను, నాకు మొదట తెలిసిందని పదిమందీ అనాలని కూడా అనుకున్నాను. కాలు గట్టిగా అదిమి, గొంతెత్తి అరిచాను.

"బాపూ, కొర్రమట్ట. నా కాలు కిందున్నది."

గట్టు మీద మామ లేచి నిలబడ్డాడు. ఊతలు ఆగాయి. బాపు నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. నేను అంతకుముందు ఎప్పుడూ చూడని ఒక అలసట ఉంది. "ఉన్నదా బిడ్డా?" అన్నాడు మెల్లగా. "ఉన్నది బాపూ, జల్ది," అన్నాను. అప్పుడు వంగాడు. నా కాలి కింద చెయ్యి పెట్టి, మోచేయి కంటే పొడుగున్న చేపను పైకెత్తాడు. అది ఎండలో నల్లగా మెరిసి ఆయన ముంజేతికి తోక చుట్టింది. ఐలయ్య కాక ఈల వేశాడు. "బిడ్డ కాళ్ళు గూడ పెండ్లిపిల్ల కాళ్ళేరా," అన్నాడు. మామ చంకలో గొడుగు పెట్టుకుని రెండు చేతులా చప్పట్లు కొట్టాడు. ఇంటిదాకా నేను భూమ్మీద నడవలేదు.

ఇంటికి రాగానే, "బిడ్డ పట్టింది," అన్నాడు బాపు. అమ్మ చేప వైపు చూసి, బాపు వైపు చూసి, నా తల నిమిరి, పొయ్యి పక్కన కూర్చుంది. మామ గుమ్మంలోంచే, "ఇగ రేపు మొదటి బస్సుకు పోదాం బావా. కాజీపేటల పగటాల్ల రైలు దొరుకుతది," అన్నాడు. బాపు తల ఊపాడు. నేను పెరట్లోకి పోయాను. బాపమ్మ బండ మీద బూడిద పోసి, జిగురు పోయేదాకా చేపను రుద్దుతోంది. ఎంత పెద్దదో చూశావా, నేనే పట్టించాను అని గొప్పలు మొదలుపెట్టాను. బాపమ్మ రుద్దడం ఆపలేదు.

"వాడు మూడొద్దుల సంది దీన్ని తప్పిచ్చుకుంట తిరుగుతాండు," అంది. "నువ్వు పట్టిచ్చినవ్."

అంతే అంది. తిట్టలేదు. నాకు అర్థం కావడానికి బండ మీది బూడిద కడిగినంతసేపు పట్టింది. అర్థమయ్యాక పులుసు వాసన ఇల్లంతా నిండినా నేను పొయ్యి దగ్గరికి పోలేదు. బాపమ్మ కాల్చిన ఉల్లిగడ్డ నూరి, చింతపండు పిండి, మెంతిపొడి చల్లి, సన్నటి సెగ మీద దింపింది. చేప పులుసు తెల్లారి తింటేనే రుచి, ముక్కకు పులుపు పట్టాలి. మా ఇంట్లో ఎప్పుడూ ఆ రోజు సగమే తిని, మర్నాటికి ఉంచేవాళ్ళం. ఆ రోజు కూడా ఉంచారు. పొద్దున బాపు బస్సు వేళకు జొన్న గటుకలో ఇంత పులుసు వేసుకుని, తలకాయ ముక్క తీసి నా పళ్ళెంలో పెట్టాడు. తలకాయ ఎప్పుడూ ఆయనది. "పట్టినోళ్ళదే తలకాయ," అన్నాడు. కాళ్ళకు మామ తెచ్చిన కొత్త చెప్పులు వేసుకున్నాడు. రెండడుగులు వేసి, కరుస్తున్నాయని నవ్వాడు. ఊరి బయటిదాకా వాటిని చేత్తో పట్టుకుని, ఉత్త కాళ్ళతోనే నడిచాడు.

బాపు వెళ్ళిన రెండో రోజు తమ్ముడు బోర్ల పడ్డాడు. చాప మీద వెల్లకిలా ఉన్నవాడు ఎవరూ చూడనప్పుడు తిరిగి, చెయ్యి కింద ఇరుక్కుని కేకలు పెట్టాడు. మొదటి మగపిల్లవాడు బోర్ల పడితే వాడకంతా తీపి పంచాలి. బాపమ్మ బెల్లం పాకం పట్టింది. అమ్మకు రాయడం రాదు, కార్డు నేనే రాశాను. 'బాపు, నీవు పోయిన రెండవ దినము తమ్ముడు బోర్ల పడినాడు' అని చదివి వినిపించాను. అమ్మ ఆ కార్డు నా చేతిలోంచి తీసుకుని, రెండుగా చింపి, పొయ్యిలో వేసింది. "ఇంకోటి రాయి. పదిహేను దినాలకు అని రాయి. రెండు వారాలు ఆగి డబ్బల ఎయ్యి," అంది. నేను అలాగే చేశాను. అది నేను రాసిన మొదటి అబద్ధం, ఇప్పటికీ దానికి సిగ్గుపడను.

బాపు పదకొండేళ్ళు భివండిలో ఉన్నాడు. ఏడాదికోసారి దసరాకు వచ్చేవాడు, మిరుగానికి ఎప్పుడూ రాలేదు. అమ్మ కోలుకుంది, తమ్ముడు బడికి పోయాడు. నేను హనుమకొండలో హాస్టలు పట్టి కాలేజీకి పోయాను. ఆ పదకొండేళ్ళ అన్నమూ, నా పుస్తకాలూ భివండి నుంచే వచ్చాయి. మామ అబద్ధం చెప్పలేదు, మంచే చేశాడు. అయినా ఎవరైనా నన్ను 'చురుకైన పిల్ల' అని మెచ్చుకుంటే అక్కణ్ణుంచి లేచిపోయేదాన్ని.

మొన్న దవాఖాన నుంచి వస్తూ తమ్ముడు బండి ఆపాడు. మిరుగం రోజులే, రోడ్డు పక్కన చేపల దుకాణం ముందు జనం బారులు తీరి ఉన్నారు. ఐసు గడ్డల మీద వరసగా పేర్చిన చేపలు, ఎక్కడివో, ఎన్ని రోజులవో. తమ్ముడు నిలబడి కిలో కొట్టించుకుని వచ్చాడు. శుభ్రం చేసి, ముక్కలు కోసి, కవర్లో పెట్టి ఇచ్చారు, బూడిద లేదు, బండ లేదు. మా ఒర్రెకు ఇప్పుడు రెండు చోట్ల సిమెంటు కట్టలు వచ్చాయి. నీళ్ళు ఆగుతున్నాయి, బోర్లకు మంచిదే, రైతులు సంతోషంగానే ఉన్నారు. ఎదురెక్కే చేపకు మాత్రం తోవ లేదు. అప్పుడే అంతా బాగుండేదని నేను అనను. అప్పుడు మా అమ్మ గోడ పట్టుకుని నడిచేది. ఈ కాలపు దవాఖానలో అయితే పది రోజుల్లో లేచి తిరిగేది. కానీ కాళ్ళతో లోకాన్ని చదివే మనిషిని మళ్ళీ నేను చూడలేదు. తమ్ముడికి ఆ మనిషి తెలియదు. వాడికి తెలిసిన బాపు భివండి నుంచి తిరిగొచ్చిన బాపు.

ఆ తిరిగొచ్చిన ఏడాది సంగతి చెప్పి ముగిస్తాను. దగ్గు ఎక్కువై ఇక పనికి పోవద్దని అక్కడి డాక్టరు చెబితే వచ్చేశాడు. మగ్గం గుంటను అప్పటికే పూడ్చి, దాని మీద వడ్ల గుమ్మి పెట్టాం. బాపు వచ్చిన రోజు కాళ్ళు కడుక్కుంటుంటే చూశాను. పన్నెండు గంటలు సిమెంటు నేల మీద నిలబడి, రెండు కరెంటు మగ్గాల మధ్య తిరిగిన కాళ్ళు. మడమలు ఐలయ్య కాకవి లాగే పగిలి, పగుళ్ళలో నల్లటి నూనె ఇంకిపోయి ఉంది. నేను చూడటం చూసి, "ఇగ పారాణి అక్కెర లేదు," అన్నాడు.

ఆ వానాకాలం మొదట్లో నేను సెలవులకు ఊళ్ళోనే ఉన్నాను. రెండు రోజులు వాన పడి ఒర్రె వచ్చింది. "పోయొద్దామా బిడ్డా?" అన్నాడు. వెళ్ళాం. గట్టు పక్కన మునుపటి చోటే. ఆయన దిగాడు, పక్కన నేను దిగాను. ఇప్పుడు నీళ్ళు నా మోకాళ్ళ దాకానే ఉన్నాయి. చాలాసేపు నిలబడ్డాం. బాపు తుమ్మ చెట్టు వైపు కాదు, నీళ్ళ వైపే చూస్తున్నాడు, మొహమంతా అక్కడే పెట్టి వింటున్నాడు. ఆయనకు ఏమీ తెలియడం లేదని నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు వచ్చింది. అదే చల్లదనం, అదే బరువు. ముందు ఆయన పాదం పక్క నుంచే వచ్చి ఉంటుంది, అటు దిగువ నుంచే కదా రావాలి. నా అరికాలి కిందికి దూరి పడుకుంది.

"ఏమన్న తాకిందా బిడ్డా?" అన్నాడు బాపు.

"లేదు బాపు," అన్నాను.

ఆయన బిగుసుకున్న నా మోకాలి వైపు చూశాడు. కాసేపటికి నవ్వాడు. "మోకాలు బిర్రయింది. కాళ్ళు పోయినయి గని, కండ్లు మంచిగనే ఉన్నయి నాకు," అన్నాడు. "ఆ పొద్దు గిట్ల లేదంటె అయిపోవు గద."

పదకొండేళ్ళు ఎవరి దగ్గరా ఏడవనిదాన్ని, ఆ నీళ్ళలో నిలబడి ఏడ్చాను. "నేను చెప్పకపోతె నువ్వు పోకపోదువు బాపు," అన్నాను.

"పిచ్చిపిల్ల, పోకుంటె ఎట్లనే? ఇంకో రెండొద్దులు ఆగి పోయేటోన్ని." నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కూడా గరుకైపోయింది. "రెండొద్దులల్ల ఏం బోయింది? పిలగాడు బోర్ల పడుడు గూడ నేను పోయిన పదిహేను దినాలకు గద. నువ్వే కార్డు రాసినవ్. ఆ కార్డు చాన్నాళ్ళు నా పెట్టెల ఉండె. రెండొద్దులు ఆగినా సూడకపోదును అనుకునేటోన్ని, మనసు నిమ్మలమయ్యేది."

కళ్ళు తుడుచుకున్నాను.

"అవును బాపు," అన్నాను. "పదిహేను దినాలకే."

నీళ్ళలో కాలు ఎత్తాను. చేప ఒకసారి నా మడమకు తాకి, ఎగువకు పోయింది.